వైరస్ బెడద ఏ కంప్యూటర్‌కి తక్కువ? ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్ళ కోసం ఒక పోలిక

కంప్యూటర్ కొనేటప్పుడు మా వైపు ఎక్కువమంది అడిగేది ఒకటే: "వైరస్ రానిది ఏది?" అలాంటిది లేదు. అలాగని "అన్నీ ఒకటే, మనం జాగ్రత్తగా ఉంటే చాలు" అనడం కూడా సరికాదు. తేడా ఉంది, చిన్న తేడా కూడా కాదు. అది ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే, రాయగడలో జిరాక్స్ షాపు నడిపేవాళ్ళకి ఒక సలహా, గుణుపూర్‌లో ఇంజినీరింగ్ చదివే అమ్మాయికి ఇంకో సలహా ఎందుకు ఇవ్వాల్సి వస్తుందో తెలుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్, పేరు కన్నా రెండు సంగతులు ముఖ్యం. దానికి భద్రతా అప్‌డేట్‌లు ఇంకా వస్తున్నాయా అన్నది మొదటిది. అందులోకి ప్రోగ్రాంలు ఏ దారిన వస్తున్నాయి అన్నది రెండోది. ఈ రెండూ బాగుంటే విండోస్ 11 కూడా గట్టిదే. రెండూ చెడితే, గట్టిదని పేరున్న ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ కూడా కాపాడలేదు.

విండోస్‌కే ఎందుకు ఎక్కువ

ప్రపంచంలోని డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌లలో పదింట ఏడు దాకా విండోస్‌వే. వైరస్ రాసేవాడికి కావలసింది డబ్బు కాబట్టి, ఎక్కువమంది ఉన్నచోటికే వస్తాడు. అయితే ఇది సగం కారణమే. మిగతా సగం విండోస్ వాడకంలో పాతుకుపోయిన అలవాటు. ఏదో వెబ్‌సైట్‌లో దొరికిన ఫైలు దించుకోవడం, అడిగిన ప్రతిదానికీ "యస్" నొక్కి ఎక్కించుకోవడం. కంప్యూటర్ కొన్నరోజు తయారయ్యే మొదటి అకౌంటే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ కాబట్టి, ఆ "యస్" నొక్కాక అడ్డుకునేది పెద్దగా ఏమీ ఉండదు. పైగా విండోస్ ఫైలు పేరు చివరి భాగాన్ని మామూలుగా దాచేస్తుంది. అసలు పేరు "ఫొటో డాట్ జేపీజీ డాట్ ఈఎక్స్‌ఈ" అయితే మనకి కనిపించేది "ఫొటో డాట్ జేపీజీ" వరకే. ఫొటో అనుకుని తెరుస్తాం, ప్రోగ్రాం నడుస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ దగ్గరికి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్ పెడితే ఈ మోసం బయటపడుతుంది. విండోస్ వాడే ప్రతి ఒక్కరూ ఈ రోజే చేయాల్సిన పని ఇది.

విండోస్ లోపల రక్షణ లేదని కాదు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి డిఫెండర్ యాంటీవైరస్ అందులోనే వస్తోంది. ఇంట్లో వాడుకునేవాళ్ళకి అది చాలు, ఏటేటా డబ్బు కట్టి వేరే యాంటీవైరస్ కొనక్కర్లేదు. అసలు ప్రమాదం క్రాక్‌లలో, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా లైసెన్సు తాళం పగలగొట్టిన ప్రోగ్రాంలలో ఉంది. అసెంబుల్ చేయించిన కంప్యూటర్‌లో విండోస్, ఆఫీస్, ఫొటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ ఎక్కించి ఇస్తారు, వాటిలో చాలావరకు దొంగ కాపీలే. వాటిని నడిపించే యాక్టివేటర్‌తో పాటు "ముందు యాంటీవైరస్ ఆపండి" అని ఒక సూచన ఉంటుంది. ఆ ఒక్క మాటతో తలుపు మనమే తీసిపెడుతున్నాం. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు ఎత్తుకుపోయే ప్రోగ్రాంలు ఎక్కువగా ఇలాంటి క్రాక్‌ల వెంటే వస్తాయి. షాపువాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, ఆ క్రాక్ తయారు చేసినవాడు ఎవడో వాళ్ళకీ తెలియదు. డబ్బు కుదరకపోతే ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడండి గాని, క్రాక్ చేసిన ఆఫీస్ వద్దు.

అప్‌డేట్‌ల సంగతికి వస్తాను. 2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ బయటపడి 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్ళకి తాళం వేసింది. తాళం తీయాలంటే బిట్‌కాయిన్‌లో డబ్బు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే, మరమ్మతు విడుదల చేసింది. దెబ్బతిన్నవి ఎక్కువగా ఆ అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 కంప్యూటర్లు. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకుండా, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి నెట్‌వర్క్ మీదనే పాకింది. "నేను అడ్డమైనవీ తెరవను, నాకేం కాదు" అనే ధీమా అక్కడ పనిచేయలేదు.

మన కొండ ప్రాంతాల్లో అప్‌డేట్‌లు ఆపేయడానికి ఒక న్యాయమైన కారణం ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే కంప్యూటర్‌కి ఒక్క అప్‌డేట్ వస్తే ఆ రోజు డేటా అంతా అయిపోతుంది. దానికి ఆపేయడం మందు కాదు. విండోస్ నెలవారీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో విడుదలవుతుంది, మన దగ్గరికి ఆ రాత్రికో బుధవారానికో చేరుతుంది. ఆ వారంలో ఒక రోజు కంప్యూటర్‌ని బ్రాడ్‌బ్యాండ్ ఉన్నచోటికి తీసుకెళ్ళండి, లేదా డేటా ఎక్కువ మిగిలిన రాత్రి దానికి వదిలేయండి. మిగతా రోజుల్లో మీటర్డ్ కనెక్షన్ (డేటా పరిమితి ఉన్న నెట్) అని పెట్టుకుంటే అది డేటా పెద్దగా తినదు.

విండోస్ 10కి ఉచిత అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అదనపు భద్రతా అప్‌డేట్‌ల పథకంలో చేరిన ఇంటి కంప్యూటర్లకి 2026 అక్టోబర్ దాకా గడువు దొరికింది. విండోస్ 7కి 2020 జనవరిలోనే ముగిసింది. అయినా మన ఊళ్ళలో విండోస్ 7 కంప్యూటర్ల మీద ఈ రోజుకీ బ్యాంకు పని నడుస్తోంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

పెన్‌డ్రైవ్ అనే దారి

హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు రాసే సలహాల్లో పెన్‌డ్రైవ్ గురించి ఇప్పుడు పెద్దగా ఉండదు. మనకి మాత్రం అదే పెద్ద దారి. పథకాల దరఖాస్తులు మొదలైనప్పుడు, పరీక్ష ఫారాలు నింపే రోజుల్లో, ఆన్‌లైన్ సెంటర్ దగ్గర "బాబూ, ఇందులో ఫైలుంది, రెండు కాపీలు తీసియ్యి" అంటూ పెన్‌డ్రైవ్ ఇచ్చేవాళ్ళు వరసగా నిలబడతారు. ఒడిశా ప్రభుత్వం మహిళలకి డబ్బు ఇచ్చే సుభద్ర పథకం దరఖాస్తుల రద్దీ గుర్తున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క కంప్యూటర్‌లో ఒక పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ ఎక్కితే, సాయంత్రానికి ఆ తర్వాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌కీ అది అంటుకుని పల్లెపల్లెకీ వెళ్ళిపోతుంది.

మనవాళ్ళు షార్ట్‌కట్ వైరస్ అనేది ఇదే. మీ ఫోల్డర్లన్నిటినీ దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. ఫోల్డర్ అనుకుని నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది, తర్వాత ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే ఏదో జరిగిందని కూడా తెలియదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే నడిచే ఆటోరన్ పద్ధతిని విండోస్ 7 నుంచి ఆపేశారు, పాత విండోస్ ఎక్స్‌పీకి కూడా 2011లో అప్‌డేట్ ద్వారా ఆపారు. ఆ దారి మూసుకుపోయాక వైరస్ రాసేవాళ్ళు మన చేతే నొక్కించే ఈ షార్ట్‌కట్ దారి పట్టారు.

ఇక్కడ లినక్స్‌కీ విండోస్‌కీ తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అదే పెన్‌డ్రైవ్‌ని లినక్స్ కంప్యూటర్‌లో పెడితే ఆ షార్ట్‌కట్‌లు ఉత్త ఫైళ్ళలా పడి ఉంటాయి, నొక్కినా వైరస్ నడవదు. విండోస్ దాచిన అసలు ఫోల్డర్లు మామూలుగానే కనిపిస్తాయి. ఫైళ్ళు పోయాయని ఏడుస్తూ వచ్చిన పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు ఇలా ఎన్నోసార్లు దొరుకుతాయి.

అందుకని జిరాక్స్, ఆన్‌లైన్ షాపులవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇది. మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి ఉంటే దానిలో లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేసి కౌంటర్ దగ్గర పెట్టండి. బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు అందులోనే తెరవాలి. పీడీఎఫ్‌లు, ఫొటోలు అక్కడినుంచే ప్రింట్ చేయండి. విండోస్‌లోకి వెళ్ళక తప్పని ఫైలు మాత్రమే వెళ్ళాలి, అదీ డిఫెండర్ చూశాక. ఒక హెచ్చరిక: లినక్స్ మీద నడవని వైరస్ ఫైలు లోపలే చెక్కుచెదరకుండా ఉండొచ్చు, దాన్ని విండోస్‌కి కాపీ చేస్తే అక్కడ లేస్తుంది. అన్నట్టు, కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర ద్వారా యూఎస్‌బీ ప్రతిరోధ్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఇచ్చారు. మీరు అనుమతించిన పెన్‌డ్రైవ్‌లు తప్ప వేరేవి తెరుచుకోకుండా విండోస్‌లో ఆపడం దాని పని.

లినక్స్: బలం ఎక్కడ, చిక్కు ఎక్కడ

లినక్స్‌లో ప్రోగ్రాం కావాలంటే వెబ్‌సైట్లు వెతకం. ఆ లినక్స్ తయారుచేసినవాళ్ళే నడిపే సాఫ్ట్‌వేర్ భండారం నుంచి తెచ్చుకుంటాం. అక్కడి ప్యాకేజీలకి (ప్రోగ్రాం మూటలకి) డిజిటల్ సంతకంతో కాపు ఉంటుంది, మధ్యలో ఎవరైనా మారిస్తే కంప్యూటర్ తీసుకోదు. సంతలో గోనెపట్టా పరిచి అమ్మేవాడి దగ్గర మందు కొనడానికీ, లైసెన్సు ఉన్న మందుల షాపులో కొనడానికీ ఉన్న తేడా ఇది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు ప్రోగ్రాంలన్నిటికీ అప్‌డేట్‌లు ఆ ఒక్కచోటి నుంచే వస్తాయి. దించుకున్న ఫైలు దానంతట అదే ప్రోగ్రాంలా నడవదు, ముందు దానికి అనుమతి ఇవ్వాలి. సిస్టమ్‌ని మార్చాలంటే పాస్‌వర్డు కొట్టాలి. డెస్క్‌టాప్ లినక్స్ వాడేవాళ్ళు తక్కువమంది కావడం కూడా కలిసొస్తుంది, అది దాచక్కర్లేదు.

ఇంత ఉన్నా లినక్స్‌కీ దెబ్బలు తగిలాయి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే దొంగలు దూరి, డౌన్‌లోడ్ లింకుని దొంగదారి పెట్టిన కాపీ వైపు తిప్పారు. ఆ లింకు నుంచి దించుకున్న ఫైలుని అసలు చెక్‌సమ్‌తో (ఫైలు మారిందో లేదో తేల్చే గుర్తుతో) పోల్చి చూస్తే తేడా తెలిసేది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో ఏళ్ళ తరబడి నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్విచూడబట్టి అది పట్టుబడింది, అదీ మామూలు జనం వాడే స్థిరమైన వెర్షన్‌లకి చేరకముందే. భండారం కూడా మనుషులు నడిపేదే. అందరి కళ్ళముందు ఉండే కోడ్ కాబట్టి పట్టుకునే అవకాశం ఎక్కువ, అంతే.

మన పనికి లినక్స్‌తో వచ్చే చిక్కులు వేరు. తెలుగు డీటీపీలో అను, ఒడియా డీటీపీలో ఆకృతి విండోస్ కోసం చేసినవి. ట్యాలీ కూడా విండోస్‌దే. డిజిటల్ సంతకం టోకెన్లు, ఆధార్ వేలిముద్ర యంత్రాల డ్రైవర్లు ప్రధానంగా విండోస్‌కీ ఆండ్రాయిడ్‌కీ వస్తాయి. జిరాక్స్ షాపుల్లో ఏళ్ళుగా నడుస్తున్న పాత లేజర్ ప్రింటర్లు కొన్నిటికి లినక్స్ డ్రైవర్ ఎక్కించడం పెద్ద టెన్షన్. కాబట్టి పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు రెండు భాషల్లోనూ కొట్టే షాపుకి "మొత్తం లినక్స్‌కి మారిపోండి" అని నేను చెప్పను, అది వాళ్ళ పొట్ట మీద కొట్టడమే. యూనికోడ్‌లో టైపు చేసేవాళ్ళకి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తెలుగుకీ ఒడియాకీ రెండిటికీ లినక్స్‌లోనే ఉంటుంది, ఒక మీట నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకి మారొచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన మన పిల్లలకి ఇది చాలా పనికొస్తుంది.

మ్యాక్

మ్యాక్‌కి వైరస్ రాదన్న మాట ఇంకా వినిపిస్తుంటుంది. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ జావాలోని లోపం ద్వారా 6 లక్షలకు పైగా మ్యాక్‌లలోకి చేరింది. ఆ ఏడాదే ఆపిల్ తన వెబ్‌సైట్‌లో "పీసీ వైరస్‌లు రావు" అనే ప్రచారాన్ని మెత్తబరిచింది. ఆ తర్వాత ఆపిల్ రక్షణ బాగా పెంచిన మాట నిజం. ఆపిల్ పరీక్షించని ప్రోగ్రాం తెరవబోతే గేట్‌కీపర్ ఆపుతుంది, సిస్టమ్ ఫైళ్ళని అడ్మినిస్ట్రేటర్ కూడా ముట్టుకోలేడు. అయినా 2023 నుంచి అటామిక్ స్టీలర్ లాంటి పాస్‌వర్డు దొంగలు మ్యాక్ కోసమే ప్రత్యేకంగా అమ్ముడవుతున్నాయి. దొంగ ప్రకటనలు, క్రాక్‌ల రూపంలో వచ్చి, మన చేతే పాస్‌వర్డు కొట్టించుకుంటాయి.

భద్రతలో మ్యాక్ మంచిదే. మా వైపు సర్వీసు సెంటర్ అంటే విశాఖో భువనేశ్వరో పోవాలి, ధర సంగతి సరేసరి. విశాఖలో చవగ్గా దొరికే సెకండ్‌హ్యాండ్ ఇంటెల్ మ్యాక్‌బుక్‌లు మాత్రం కొనకండి. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకి 2025లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ టాహోయే చివరి వెర్షన్ అని ఆపిల్ ప్రకటించింది, అది కూడా అన్ని ఇంటెల్ మోడళ్ళకీ రాదు. బయటికి మెరుస్తూ కనిపించినా అప్‌డేట్‌లు లేని మ్యాక్, అప్‌డేట్‌లు వచ్చే విండోస్ కన్నా బలహీనం.

క్రోమ్‌బుక్

వైరస్ ఒక్కటే లెక్క అయితే మామూలు మనిషికి నేను మొదట చూపించేది క్రోమ్‌బుక్, అంటే ఎక్కువగా బ్రౌజర్‌లోనే పనిచేసే గూగుల్ రకం ల్యాప్‌టాప్. ఆన్ చేసిన ప్రతిసారీ సిస్టమ్ ఎక్కడైనా మారిందా అని అదే సరిచూసుకుంటుంది, మారితే బాగుచేసుకుంటుంది. ఈఎక్స్‌ఈ ఫైళ్ళు, అంటే విండోస్ ప్రోగ్రాంలు, అందులో నడవనే నడవవు. ఒక్కో ట్యాబ్ వేరే గదిలో ఉన్నట్టే. 2021 నుంచి వచ్చిన మోడళ్ళకి ఆ మోడల్ విడుదలైన నాటినుంచి 10 ఏళ్ళ అప్‌డేట్‌లు ఇస్తామని గూగుల్ చెప్పింది. ఆ 10 ఏళ్ళు మీరు కొన్నరోజు నుంచి కావు, మోడల్ పుట్టిన రోజు నుంచి. కొనేముందు అప్‌డేట్ ఆఖరి తేదీ చూడండి. దీనికున్న దొంగదారి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, వాటిని ఇష్టమొచ్చినట్టు కలుపుకోకూడదు. నెట్ సరిగ్గా లేని ఊరికి మాత్రం ఇది సరిపడదు.

ఏ సిస్టమూ ఆపలేనివి

మనిషిని మోసం చేసి చేయించే పనికి ఆపరేటింగ్ సిస్టమ్ అడ్డుపడలేదు. "నేను రోబోని కాదు" అని నిరూపించుకోమంటూ, విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి, కంట్రోల్ వీ కొట్టి, ఎంటర్ నొక్కమనే పేజీలు 2024 నుంచి విపరీతంగా వస్తున్నాయి. ఆ మూడూ నొక్కితే వైరస్‌ని మన చేత్తో మనమే నడిపించినట్టు. మ్యాక్‌కి ఇదే మోసం టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ద్వారా జరుగుతోంది. నిజమైన క్యాప్చా ఏదీ కీబోర్డు మీద ఇలాంటి పని చెప్పదు. బ్యాంకు మనిషినని ఫోన్ చేసి, స్క్రీన్ చూసే యాప్ పెట్టించేవాడికి లినక్స్ అయినా విండోస్ అయినా ఒకటే.

ఇక మనలో చాలామంది ఇళ్ళలో కంప్యూటరే ఉండదు, డబ్బంతా ఫోన్‌లోనే. ఆండ్రాయిడ్‌లో ఒక్కో యాప్‌ని విడిగా ఉంచే ఏర్పాటు గట్టిది. అది చెడేది వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) ఎక్కించినప్పుడు. ట్రాఫిక్ చలానా, పెళ్ళి పిలుపు, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ అనే పేర్లతో వస్తాయి. ఎక్కగానే ఎస్ఎంఎస్ చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి, ఇచ్చామా ఓటీపీలు వాడి చేతికి వెళ్ళినట్టే. మీకు తెలిసిన నంబరు నుంచి వచ్చినా నమ్మకండి, వాళ్ళ ఫోన్ ముందే దొంగల చేతికి చిక్కి ఉండొచ్చు. మన దగ్గర ఐఫోన్‌లో ఇలా బయటి ఫైలు నుంచి యాప్ ఎక్కించే వీలు లేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో అది మెరుగు. ఆండ్రాయిడ్ కొనేవాళ్ళు కెమెరా మెగాపిక్సెళ్ళ కన్నా ముందు ఎన్నేళ్ళు భద్రతా అప్‌డేట్‌లు ఇస్తారో అడగండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. మొదటి గంటల్లో చెబితే ఆ డబ్బుని మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది.

ఎవరికి ఏది

డీటీపీ, ట్యాలీ, ఆధార్ పనులు చేసేవాళ్ళకి విండోస్ 11, అసలైన లైసెన్సుతో. రోజువారీ పనికి అడ్మిన్ హక్కులు లేని వేరే అకౌంట్, వారానికోసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి బ్యాకప్. బ్యాకప్ అయ్యాక ఆ హార్డ్‌డిస్క్ తీగ పీకేయాలి, లేకపోతే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. పక్కనే పెన్‌డ్రైవ్‌ల కోసం లినక్స్ పెట్టె.

విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళకి లినక్స్ మింట్. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కన్నా పాతవైతే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. మింట్‌కి 4 జీబీ ర్యామ్ చాలు, 22వ వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్‌లు ఉంటాయి. దింపుకున్నాక చెక్‌సమ్ చూసుకోవడం మాత్రం మరవకండి. పాత వెర్షన్ అను, పేజ్‌మేకర్‌ల కోసం విండోస్ 7 ఉంచుకోక తప్పదంటే ఉంచుకోండి, నెట్ తీగ పీకేసి. దాని మీద మెయిలూ వద్దు, బ్యాంకూ వద్దు.

కోడింగ్ నేర్చుకునే పిల్లలకి లినక్స్ ఇవ్వండి, కాలేజీ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడిచేదైతే రెండూ పక్కపక్కన. పింఛను, కరెంటు బిల్లు, శ్రీకాకుళంలో ఉన్న మనవరాలితో వీడియో కాల్, ఇంతే పని అయిన పెద్దవాళ్ళకి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే, క్రోమ్‌బుక్‌ని మించింది లేదు.

కంప్యూటర్ల సంగతి తేల్చుకున్నాక షాపు గోడ మీదున్న సీసీటీవీ డీవీఆర్ (కెమెరా రికార్డింగ్ దాచే పెట్టె) వైపు కూడా ఒకసారి చూడండి. వీటిలో చాలావాటి లోపల నడిచేది లినక్సే. 2016లో మిరాయ్ అనే వైరస్, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డు మార్చని డీవీఆర్‌లు, కెమెరాలు, రౌటర్లలోకి లక్షల్లో దూరి, ఆ ఏడాది అక్టోబర్ 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ (Dyn) అనే కంపెనీ మీద వాటన్నిటినీ ఒకేసారి ఉసిగొల్పింది. అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. మీ డీవీఆర్ బిగించిన అబ్బాయి పెట్టిన పాస్‌వర్డు ఇంకా "అడ్మిన్", "12345" అయి ఉంటే ముందు అది మార్చండి. ఫోన్‌లో కెమెరాలు చూసే అవసరం లేకపోతే డీవీఆర్‌కి వెళ్ళే నెట్ తీగ కూడా తీసేయండి, రికార్డింగ్ మామూలుగానే నడుస్తుంది.